మూడు నూర్ల యాభై

రేషన్ కార్డు పని తెగేసరికి
ఆఖరి కోస్గి బస్సు కండ్ల ముందే పోయింది.
నారాయణపేట బస్టాండు బల్ల నాకు కొత్త కాదు,
తల కింద సంచి, సంచి కింద చెప్పులు.
కానీ కాళ్లు చౌకు దిక్కు తిరిగినయి,
చీరల దుకాండ్ల సందులకెల్లి పోయి
పాత వాడా ముంగట ఆగినయి.

బల్ల వెనక పిలగాడు ఆధార్ అడిగిండు.
కావలి ఆశన్న, అని కొట్టుకుంట
'పనికా, చూసిపోనీకెనా?' అన్నడు.
నన్నెవరూ ఎన్నడూ అడగని మాట.
పుణెల అడగలే, సూరత్‌ల అడగలే,
పాలమూరోడంటే పనికేనని ఎరికే లోకానికి.
'చూసిపోనీకె' అన్న.
మూడు నూర్ల యాభై. దుప్పటికి ఇంకో ఇరవై.
దుప్పటి వద్దన్న.

చీరల మూటలు పెట్టిన కొట్టట ఇది ఒకప్పుడు.
ఇప్పుడు ఎనిమిది ఇనుప మంచాలు, ఒకదాని మీద ఒకటి.
నాది ఆరు, పైది.
నిచ్చెన ఎక్కుతుంటే నవ్వొచ్చింది,
ఎక్కనీకె కూలి తీసుకున్న చోట
ఎక్కి పండనీకె నేనే పైసలిస్తి.

కింది మంచం పిలగాడు సైకిలు మీద ఊర్లు తిరుగుతడట.
గోడను ఫోటో తీసుకుంట,
'అంకుల్, చూడుండ్రి, రెండొందల ఏండ్లది' అన్నడు.
వాకిట్ల బోర్డు గూడ అదే అంటది.
నాకెరికైన కాడికి
దీని వయసు రెండేండ్ల నాలుగు నెలలు.
చెప్పలే.
లోపలి రాయి పాతదే, అది అబద్ధం కాదు.
పైతోలు మాది.

గానుగకు ఎద్దు దొరకలే, ట్రాక్టరు తిప్పింది రాతిచక్రాన్ని.
సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్లు, బెల్లం,
ఇరవై ఒక్క దినం తొట్లె మాగబెట్టినం.
ఇంజినీరు సారు బెల్లాన్ని తూకమేసి ఇచ్చెటోడు,
తింటమేమో అని.
తిన్నం గూడ. ఛాయల, చిటికెడు.

మొగులమ్మ గులకరాయితోని రుద్దింది ఈ గోడను
పొద్దు పొడిచినకాడికెల్లి పొద్దుగూకేదాక,
తన ముఖం తనకు మసకమసకగ కనబడేదాక.
సున్నం ఆమె అరచేతులు తిన్నది.
రాత్రికి కొబ్బరినూనె రాసుకొని
చేతులు రెండూ పైకి పెట్టుకొని పండేది,
ఎవరో తుపాకి చూపినట్టు.
అప్పుడు మేముండింది ప్రహరీ అవతల,
నీలం తాట్‌పత్రి కింద.

లైట్లు బంజేసిండ్రు.
పైకప్పు నా ముక్కుకు మూరెడు దూరం.
వీధిదీపం వెలుగుల, కమాను మొదలుకాడ,
వెతకకున్నా దొరికింది
సొట్ట.
ఆనాడు కిందికెల్లి మొగులమ్మ ఏదో అన్నది,
నవ్విన, తాపి జారింది,
సారు చూడకముందే బొటనవేలుతోని ఒత్తి సదిరిన.
ఇప్పుడు మల్ల వేలు పెట్టి చూసిన.
సరిగ్గ పట్టింది.
ఆమె ఏమన్నదో మాత్రం యాదికొస్తలేదు.

తువ్వాల కప్పుకొని, మెల్లగ, పుణెకు ఫోన్ చేసిన.
'ఆనాడు ఏమన్నవే, నేను గంత నవ్వితి?'
'ఏనాడు?'
'సొట్ట వడ్డనాడు.'
మిక్సరు మోత తప్ప ఏమీ వినబడలే జరసేపు,
రాత్రిపూట స్లాబు పోస్తున్నరట పన్నెండో అంతస్తుల.
'ఎంతిచ్చినవ్ పండనీకె?' అన్నది.
చెప్పిన.
ఆమె తిట్టిన తిట్టుకు
కింద సైకిలు పిలగాడు అటు మర్లిండు.

అటెన్క, గొంతు తగ్గించి,
'చీమలొచ్చినయా?' అని అడిగింది.
బెల్లం కలిపిన గోడ గదా,
మొదటికెల్లి ఆమెకు అదే రంది.
ఫోన్ లైటు వేసి చూసిన.
కిటికీ పక్కపొంటి ఒక్కటంటే ఒక్కటి,
తీరుబాటుగ, ఎటో పోతున్నది.
'ఒకటొచ్చింది' అన్న.
'దానికాడ ఎంత తీసుకున్నరు?' అన్నది.

నవ్విన.
మంచం కిర్రుమన్నది.
చేతిల తాపి లేదు గనక
ఏమీ చెడలే.